మన తాతముత్తాతలు నరకంలో ఉన్నారా?

(పేట సభలో మాట్లాడిన మాటల పాఠం)



మొన్న ఒక చావు కాడ జరిగిన మాటతో మొదలుపెడతాం. శవాన్ని లేపకముందు పాస్టరుగారు వాక్యం చెప్పారు. యేసును నమ్మకుండా పోయినోళ్లంతా అగ్నిగుండంలో ఉన్నారని గట్టిగా చెప్పారు. మూల కూర్చున్న ఒక ముసలమ్మ లేచి అడిగింది: “మా అమ్మమ్మకు యేసు పేరే తెలవదయ్యా. మా పల్లెకు సువార్త రాకముందే పోయింది. తాను పస్తుండి మాకు గంజి పోసింది. ఆమె కూడా ఆ గుండంలోనేనా? ఆమె లేని పరలోకానికి నేనొక్కదాన్నే పోయి ఏం చేసుకోను?” పాస్టరుగారు జవాబు చెప్పలేదు. పాట అందుకున్నారు.

ఆ ముసలమ్మకు జవాబు బాకీ ఉంది. అందుకే ఇవాళ ఈ సంగతి మాట్లాడుకుంటున్నాం. ఇది పండితుల గొడవ కాదు, మన ఇంటి గొడవ. మాల మాదిగ పల్లెలకు సువార్త వచ్చి ఎన్ని తరాలయింది? నాలుగో, అయిదో. అంతకుముందు ఎన్ని తరాలు చెప్పులు కుట్టి, నాట్లు వేసి, వెట్టి చేసి మట్టిలో కలిశాయి? వాళ్లందరి సంగతేంటి?

ఒంగోలు సంగతే చూడండి. 1866లో క్లౌ దొర అక్కడికొచ్చాడు. తొలినాళ్లలో చేరినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ, తోళ్ల వ్యాపారి. సువార్త చెవిన పడకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ రాజయోగం చెప్పేవాళ్ల దగ్గర కూర్చున్న మనిషి. తరవాత 1876-78లో ధాత కరువు వచ్చింది. దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని మనోళ్లకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ 2,222 లెక్క పుస్తకాల్లో ఉంది. ఏడాది ముందు అదే పల్లెల్లో ఆకలికి, కలరాకు పోయినోళ్ల లెక్కేది? తమ్ముడు ఏట్లో మునిగి లేచాడు కాబట్టి పరలోకం, అన్న అంతకుముందే ఆకలితో చచ్చాడు కాబట్టి నరకమా? ఇదెక్కడి న్యాయం?

ఈ ప్రశ్న మనమే కొత్తగా అడగలేదు. ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్ వెళ్లి రెండేళ్లకు పైగా సువార్త చెప్పాడు. అక్కడ నమ్మినోళ్లు చచ్చిపోయిన తల్లిదండ్రులను తలుచుకుని ఏడ్చారు. నరకంలో పడ్డవాళ్లకు విడుదల లేదని తాను చెప్పినట్టు 1552లో ఆయనే ఉత్తరంలో రాశాడు. వాళ్ల ఏడుపు చూసి తనకూ బాధ కలిగిందని కూడా రాశాడు.

దీనికి క్రైస్తవులు చెప్పిన జవాబు ఒక్కటి కాదు. సంఘం బయట రక్షణ లేదని 1442లో ఫ్లోరెన్సు మహాసభ తీర్మానించింది. నేటికీ చాలామంది బోధకులు ఆ దారిలోనే మాట్లాడతారు. వాళ్లను ఎగతాళి చెయ్యనక్కర లేదు. వినకపోతే నశిస్తారన్న బెంగతోనే ఎందరో సముద్రాలు దాటొచ్చారు. మనకు అక్షరం చెప్పారు. ఆ మేలు మరవం.

ఇంకో జవాబు అంతకంటే పాతది. రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే పెద్ద, క్రీస్తుకు ముందు పుట్టినా వివేకంతో, సత్యంతో బతికిన సోక్రటీసు లాంటివాళ్లు క్రైస్తవులేనన్నాడు. ధర్మశాస్త్రం అందనివాళ్ల గుండెల్లోనే ధర్మం రాసి ఉంటుందని పౌలు రోమా పత్రికలో చెప్పాడు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు మనస్సాక్షి ప్రకారం నడిస్తే రక్షణ పొందవచ్చని కతోలిక సంఘం 1964లో రెండో వాటికన్ సభలో ఒప్పుకుంది. క్రీస్తు చనిపోయినవాళ్లకు కూడా ప్రకటించాడన్న పేతురు పత్రిక మాట పట్టుకుని, చావు తరవాత కూడా వినే అవకాశం ఉంటుందని కొందరంటారు. తీర్పు దేవుడిది, మనం నోరు పెట్టగూడదని మరికొందరంటారు.

మరి మనమేం అంటాం?

ముందు ఒక సంగతి అడుగుదాం. మన పెద్దలు ఎందుకు వినలేదు? వినబుద్ధి కాక కాదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పొయ్యమన్నది గౌతమ ధర్మసూత్రం. శూద్రుడికే ఆ గతి, ఊరి బయట ఉన్న మన సంగతి చెప్పేదేముంది? మనల్ని బడి గడప తొక్కనియ్యలేదు, గుడి గడప తొక్కనియ్యలేదు. అట్టాంటి మనిషి చచ్చి దేవుడి ముందుకు పోతే, దేవుడు కూడా “నువ్వెందుకు వినలేదు?” అని శిక్ష వేస్తాడా? వేస్తే ఆయనకూ ఆ ధర్మసూత్రం రాసినాయనకూ తేడా ఏంటి? విన్నందుకు ఒకరు శిక్షించారు, విననందుకు ఇంకొకరు. మన యేసు అట్టాంటివాడు కాడు.

మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయం మళ్లీ చదవండి. తీర్పునాడు రాజు అడిగింది బాప్తిస్మం చీటీ కాదు. ఆకలిగొన్నవాడికి పెట్టారా, దప్పిగొన్నవాడికి పోశారా అని అడిగాడు. లోపలికి పోయినోళ్లే ఆశ్చర్యపడ్డారు, ప్రభువా నిన్నెప్పుడు చూశాం అని. వాళ్లకు ఆయనెవరో తెలవదు. అయినా గంజి పోశారు. ఆ ముసలమ్మ అమ్మమ్మ ఎటువైపు నిలబడుద్దో మీరే చెప్పండి.

అయితే సువార్త చెప్పడం దేనికి అంటారా? బతికున్నోళ్లు తల ఎత్తడానికి. నువ్వు అంటరానివాడివి కావు, దేవుడి పోలికవి అని వినడానికి. గుండ్లకమ్మలో మునిగినోళ్లు చావు తరవాతి సంగతి కోసమే మునగలేదు, మనుషులుగా లేవాలని మునిగారు.

లూకా సువార్తలో ఇంకో మాట ఉంది. యజమాని ఇష్టం తెలిసీ చెయ్యని పనివాడికి దెబ్బలు ఎక్కువ, తెలియక తప్పినవాడికి తక్కువ. కాబట్టి భయపడాల్సింది విననోళ్లు కాదు, విన్నోళ్లు. కేరళలో సువార్త శతాబ్దాల తరబడి ఉంది. అయినా పులయలు, పరయలు బానిసలుగానే బతికారు. సంఘంలో చేరాక కూడా కులం వాళ్లను వదల్లేదు. అది చూసే పొయ్కయిల్ యోహన్నాన్ సంఘాల నుంచి బయటికొచ్చి 1909లో ప్రత్యక్ష రక్షా దైవ సభ పెట్టాడు. బానిసలైన పూర్వీకుల కథను ఆరాధనలోకి తెచ్చాడు. మన దగ్గర మాత్రం? మాల గుడి, మాదిగ గుడి అని విడగొట్టుకున్నది ఎవరు? పెద్ద కులపాయన బాప్తిస్మం తీసుకుని కూడా శ్మశానంలో గోడ కట్టమంటే ఊరుకున్నది ఎవరు? ఆ విన్న చెవులకే తీర్పు.

చెయ్యాల్సింది మూడు పనులు. ఒకటి, ఈసారి సమాధుల పండుగనాడు బాప్తిస్మం లేని మన పెద్దల గోరీల మీద కూడా కొవ్వొత్తి పెడదాం. రెండు, ముసలోళ్లు బతికుండగానే వాళ్లకు గుర్తున్న పేర్లన్నీ అడిగి నోటుబుక్కులో రాయిద్దాం. మూడు, మాల మాదిగలిద్దరం కలిసి శ్మశానం భూమి కొలిపించమని తహసీల్దారుకు అర్జీ పెడదాం.

ఆ ముసలమ్మకు మన జవాబు ఇది: అమ్మా, మీ అమ్మమ్మ ఎక్కడికీ పోలేదు. గంజి పోసిన చేతిని దేవుడు మరవడు. మనం కూడా మరవొద్దు.

జై భీమ్!