కూలి లేని పొలంపని

చదువుకు ఏడాది విరామమిచ్చి పరాయి దేశపు పొలంలో పనిచేసే పద్ధతికి దారి వేసినావిడ స్యూ కాపర్డ్. లండన్‌లో సెక్రటరీ. పల్లె మీద మనసు, సొంత పొలమేమో లేదు. 1971లో ససెక్స్‌లోని ఎమర్సన్ కాలేజీ పొలంలో వారాంతపు పనికి కొందరిని పోగుచేశారు. అదే పెరిగి నేటి ‘వూఫ్’ (WWOOF) పద్ధతి అయింది.

ఇందులో రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు కలుపు తీయాలి, కాయలు కోయాలి, కొట్టం శుభ్రం చేయాలి. బదులుగా తిండి, బస. జీతం ఉండదు, నడుంనొప్పి మాత్రం ఉంటుంది లెండి!

చిక్కంతా వీసా దగ్గరే. డబ్బు తీసుకోవట్లేదు కదా, టూరిస్టు వీసా చాలదా అనుకుంటారు చాలామంది. కానీ న్యూజిలాండ్ లెక్కలో తిండి, బస కూడా ప్రతిఫలమే, కాబట్టి అది ఉద్యోగమే. ఆస్ట్రేలియా వారి వర్క్ అండ్ హాలిడే వీసా 2024 నుంచి మనవాళ్లకూ దొరుకుతోంది: 18 నుంచి 30 ఏళ్లవారికి, ఏడాదికి 1,000 మందికి, అదీ లాటరీలో. రెండో ఏడాది వీసా కావాలంటే చూపించాల్సిన పొలంపనిలో మాత్రం ఈ ఉచిత సేవ లెక్కకు రాదు, జీతం అందుకున్న పనే చెల్లుతుంది. రైతు ఉత్తరంలో రమ్మన్నాడని టికెట్ కొనేయకండి, ముందు ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ నిబంధనలు చదవండి.