పదో తరగతి తర్వాత నిలబడే మెట్టు
(బొర్రాలో దాతల సమావేశంలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బొర్రాకు వచ్చేవాళ్లు గుహలు చూసి, బొంగు చికెన్ తిని, చీకటి పడేలోగా రైలుకో బస్సుకో వెళ్లిపోతారు. పిల్లల చదువు మాట అడగడానికి వచ్చేవాళ్లు తక్కువ. మీరు వచ్చారు, సంతోషం.

బడిలో ఉండగానే కాలేజీ క్రెడిట్లు సంపాదించడం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట మన దగ్గరికి ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ స్థిరపడిన మన బంధువుల పిల్లలు హైస్కూల్లో ఉండగానే దగ్గరి కాలేజీలో ఒకటి రెండు సబ్జెక్టులు చదువుతారు. దాన్ని డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. లేదంటే ఏపీ పరీక్షలు రాస్తారు. మనకు ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్, వాళ్లకు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్! 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. 3 లేదా అంతకు మించి వస్తే ఆ సబ్జెక్టు మళ్లీ చదవనక్కర్లేదని చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. కొన్ని ఒప్పుకోవు, ఏ కాలేజీ నియమం దానిదే. ఒక సెమిస్టరు ఫీజు తప్పినా ఆ ఇంటికి పెద్ద ఊరట.

మన దేశంలోనూ దారి వేస్తున్నారు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వచ్చాయి. బ్యాంకు ఖాతాలో డబ్బు దాచినట్టు చదివిన చదువును క్రెడిట్లుగా దాచుకోవచ్చు, కాలేజీ మారితే వెంట తీసుకెళ్లవచ్చు. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువునూ ఈ లెక్కలోకి తెచ్చింది. 30 గంటల చదువుకు 1 క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. కాగితం మీద బాగుంది. కానీ ఈ రోజు బొర్రా పిల్ల పదో తరగతి ఎంత బాగా చదివినా, ఇంటర్ ఎంత బాగా రాసినా, డిగ్రీలో ఒక్క పేపరు కూడా తగ్గదు. ఈ విషయంలో మీకు ఆశలు కల్పించడం మాకు ఇష్టం లేదు. డబ్బు కడితే బడి పిల్లలకు డిగ్రీ క్రెడిట్లు ఇప్పిస్తామని ఎవరైనా వస్తే, కొంచెం ఆగి విచారించండి.

అయితే ఆ పని చేసే పాత దారి ఒకటి మన దగ్గరే ఉంది. దాని పేరు పాలిటెక్నిక్. పదో తరగతి పాసై పాలిసెట్ రాసిన పిల్లవాడు మూడేళ్ల డిప్లొమాలో చేరతాడు. తోటివాళ్లు ఇంటర్ చదివే వయసులో వాడు ఇంజనీరింగ్ చదువుతుంటాడు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. మొదటి ఏడాది చదువు అప్పటికే చదివినట్టు లెక్క. దీన్ని క్రెడిట్ అని ఎవరూ పిలవలేదు గానీ, జరిగేది అదే. మన జిల్లాలో పాడేరులోనే మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది.

లెక్క వేసి చూడండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు: ఆరు. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు: అదీ ఆరే. ఏడాది కూడా కలిసిరాదు. మరి లాభం ఏమిటంటే, మధ్యలో నిలబడడానికి ఒక మెట్టు ఉంది. ఇంటర్ పాసై ఆగిపోయినవాడి చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే కాగితం దాదాపు ఉండదు. డిప్లొమాతో ఆగినవాడు పనిలో చేరి, నాలుగు డబ్బులు ఇంటికి పంపి, వీలు చిక్కినప్పుడు పైచదువుకు వెళ్లగలడు. తండ్రికి జబ్బు చేస్తే, కాఫీ తోటలో పంట దెబ్బతింటే చదువు ఆగిపోయే ఇళ్లు ఈ కొండల్లో ఎన్నో. వాళ్లకు ఆ మెట్టు విలువ చాలా ఎక్కువ.

ఆ మెట్టు ఎక్కలేక జారిపోయేవాళ్లూ ఉన్నారు. మా పిల్లలు చాలామందికి ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, కువి వంటి భాషలు. తెలుగే బడికి వచ్చి నేర్చుకున్న భాష. డిప్లొమాలో పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. దానికి తోడు మొదటి ఏడాది గణితం. ఈ రెండూ కలిసి తెలివైన పిల్లలను కూడా దసరా సెలవులకు ఇంటికి పంపేస్తాయి. సెలవులయ్యాక తిరిగి వెళ్లరు. ఆ సంవత్సరం ఏ లెక్కలోకీ రాదు.

ఫెయిలైన పిల్లలకు ఓపెన్ స్కూల్ ఉంది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో చేరితే, గుర్తింపు ఉన్న బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. మిగిలినవి అయిదేళ్లలో ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. లెక్కల్లో తప్పి గుహల దగ్గర కొట్లలో పనికి కుదిరిన కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లే లేరు. విశాఖలో మన బస్తీల్లో పదిహేనేళ్లకే మెకానిక్ షెడ్డుకు వెళ్లే పిల్లల సంగతీ ఇంతే. వాళ్ల ఇళ్లలో ఉర్దూ, వీళ్ల ఇళ్లలో ఒరియా, అంతే తేడా.

ఏటా మీరు ఇచ్చే మెరిట్ బహుమతులు పిల్లలకు గౌరవం, కాదనం. కానీ మొదటి ర్యాంకు వచ్చిన పిల్లకు ఎవరో ఒకరు దారి చూపిస్తారు. ఈ ఏడాది ఆ డబ్బులో సగం మరో పనికి మళ్లించమని అడుగుతున్నాం. పదో తరగతి పరీక్షలు అయిపోయినప్పటి నుంచి కాలేజీలు తెరిచే దాకా ఉన్న కాలంలోనే పిల్లలు చేజారిపోతారు. ఆ వేసవిలో ఇంగ్లీషుకు, గణితానికి రెండు నెలల తరగతులు పెట్టాలి. పాలిసెట్ దరఖాస్తు రుసుము, పరీక్షకు, కౌన్సెలింగుకు వెళ్లి వచ్చే ఛార్జీలు ఇవ్వాలి. ధ్రువపత్రాల కోసం తండ్రి కూలి మానుకుని మండల కార్యాలయం చుట్టూ తిరిగే రోజుకు కూలి డబ్బులు ఇవ్వాలి. మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ముందు అది సరిచేయించాలి. 12 అంకెల అపార్ నంబరు కూడా ఆ పేరు మీదే నడుస్తుంది. రేపు క్రెడిట్ల ఖాతా నిజంగా పనిచేసే రోజు వస్తే, ఒక్క అక్షరం తేడాతో పిల్ల చదువు ఆమెది కాకుండా పోకూడదు.

జకాత్ ఎవరికి చెందుతుందో ఉలమాలను అడిగి మీరే నిర్ణయించుకోండి, అది మా పరిధి కాదు. సదఖాకు మాత్రం పొరుగువాడి మతం అడ్డు కాదని మీ అందరికీ తెలుసు.

చదువు చెప్పే బాధ్యత మాది. వేసవి తరగతులకు మేము జీతం తీసుకోం. పుస్తకాలు, పిల్లల మధ్యాహ్న భోజనం మాత్రం మీరు చూడాలి. పదో తరగతి పిల్లల పేర్లు, ఎవరికి ఏ కాగితం లేదో రాసిన పట్టిక ఇక్కడ బల్ల మీద ఉంచాం. భోజనానికి లేచే ముందు ఒకసారి చూసి, మీరు చూసుకోగలిగిన పేరు పక్కన సంతకం చేయండి.