క్రిస్మస్‌కు అత్తిరసాలు

కడపకు లండన్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వచ్చింది 1822లో. అందుకే కడప, జమ్మలమడుగు వైపు పల్లెల్లో క్రిస్మస్ తరతరాల పండగ.

డిసెంబరు వస్తూనే వెదురుబద్దలకు రంగుకాగితాలంటించి, నక్షత్రం చేసి మిద్దెమీద కట్టేవాళ్లం. చాలా ఇళ్లలో ఏడాదికొక్కసారి కొత్తబట్టలు కుట్టించేది ఈ పండక్కే.

అత్తిరసాల పని మాత్రం మా అవ్వదే. నానిన బియ్యాన్ని తడి ఆరకముందే రోట్లో దంచాలి. బెల్లంపాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కావాలి. పాకం ముదిరితే అత్తిరసం గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అవ్వ వేలితో నొక్కి చూసి చెప్పేసేది.

అప్పట్లో మెట్టపల్లెల్లో రోజూ జొన్నరొట్టె, సంగటే ఉండేవి. వరన్నం పండగనాటి తిండిగా ఉండేది. నాలుగిళ్లవాళ్లు కలిసి పొట్టేలును కొని, మాంసం పోగులేసి పంచుకునేవాళ్లు. చర్చి నుంచి రాగానే అందరూ ఒకే పంక్తిలో కూర్చునేవాళ్లం.

అత్తిరసాలు ఇరుగుపొరుగుకూ వెళ్లేవి. ఉగాదికి వాళ్ల ఓళిగలు, రంజాన్‌కు సేమియా మా ఇంటికొచ్చేవి. ఒకరి పళ్లెం ఇంకొకరి గడప దాటడం మా పల్లెల్లో చిన్న విషయం కాదు.

ఇప్పుడు కేకు బేకరీ నుంచి వస్తోంది, అత్తిరసాలూ కొనుక్కుంటున్నాం. మీ ఇంట్లో పాకం పట్టడం తెలిసిన అవ్వ ఉంటే, ఈ డిసెంబరులోనే పక్కన కూర్చుని నేర్చుకోండి.