మధ్యాహ్నం రెండు మొదలు నాలుగు దాకా

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు గనుక నేను ఎండల గురించి మాట్లాడతాను. బతికే ఉన్నామని ఏటా మనం సర్టిఫికెట్ ఇస్తుంటాం కదా. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి అడిగితే మాత్రం దానిమీద సంతకం పెట్టే ధైర్యం నాకు లేదు.

నేను 1974లో గుంటూరు జిల్లాలోని ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. వేసవిలో తహసీల్దారుగారి గదికి వట్టివేళ్ల తడికలు కట్టేవారు. ప్యూను గంటకోసారి వాటిమీద నీళ్లు చల్లేవాడు. గాలి వీస్తే ఆ తడివేరు వాసన మా సెక్షను దాకా వచ్చేది. వాసనే తప్ప చల్లదనం మాదాకా వచ్చేది కాదు. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరేవి, ఆపితే చెమటకు మణికట్టు రిజిష్టరుకు అంటుకుని సిరా అలుక్కుపోయేది. మణికట్టు కింద అద్దుడు కాగితం పెట్టుకుని రాసేవాళ్లం. సంతకం కోసమని ఫైలు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లడానికి మాలో మాకు పోటీ!

మూడేళ్ల క్రితం మా ఇంటావిడ పోయింది. తరువాతి వేసవికి అబ్బాయి నా గదిలో ఏ.సి. పెట్టించాడు. వాడిని తప్పుపట్టను. కానీ తలుపులు బిగించిన ఆ గదిలో పడుకుంటే లేవబుద్ధయ్యేది కాదు. అన్నం కంచంలోనే ఉండిపోయేది. కరెంటు పోయినా లేచి కిటికీ తెరిచేవాణ్ని కాదు.

2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. నాతో పాతికేళ్లు పనిచేసిన మిత్రుడొకాయన ఆ నెలలోనే పోయారు. ఎండలోకి వెళ్లలేదు, ఇంట్లోనే, ఒంటరిగా. పక్కనే బిందె నిండా నీళ్లున్నాయి. వయసు మీదపడ్డాక ఒంటికి నీళ్లు కావలసి వచ్చినా దాహం సరిగా తెలియదని తరువాత డాక్టరుగారు చెప్పారు.

అదంతా ఒక మధ్యాహ్నం పడుకునే ఉండగా జ్ఞాపకం వచ్చింది. లేచి, మెట్లకింద బోర్లించి ఉన్న మా ఆవిడ కుండ తీసి, కడిగి, ఇసుకమీద పెట్టి నీళ్లు పోశాను. సాయంత్రం తాగి చూస్తే గోరువెచ్చన! పాత కుండకు నీళ్లలోని ఉప్పు పేరుకుని సన్నని రంధ్రాలు పూడిపోతాయట. పైకి చెమర్చి, ఆ చెమ్మ ఆవిరైతేనే కదా లోపలి నీరు చల్లబడేది. ఆవిడ రెండేళ్లకోసారి కుండ ఎందుకు మార్చేదో, సబ్బుతో తోమవద్దని పనిమనిషిని ఎందుకు కోప్పడేదో నలభై ఏళ్లు ఆ నీళ్లు తాగిన నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు కొత్త కుండ కొన్నాను. ఆవిడలాగే చిన్న వట్టివేళ్ల కట్ట కడిగి అందులో వేశాను. మొదటి గ్లాసు ఎత్తగానే తహసీల్దారుగారి గది వాసన. చేతిలో ఫైలు లేకుండానే!

ఇప్పుడు రెండు కాగానే లేస్తాను. కుండ చుట్టూ ఇసుక తడుపుతాను. పల్చని మజ్జిగలో ఉప్పు వేసి, దబ్బాకు నలిపి వేస్తాను. ఆ ఆకు నలిపిన వేళ్లు వాసన చూసుకుంటే సగం బద్ధకం వదులుతుంది. తడితువ్వాలు మెడమీద వేసుకుని వరండాలో కూర్చుంటాను. ఉక్కపోత రోజుల్లో ఇవేవీ అంతగా పనిచేయవు, కుండ చెమ్మ ఆరదు. ఆ రోజుల్లో రెండోసారి స్నానం, దొరికితే నాలుగు తాటిముంజలు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు నీళ్లూ ఉప్పూ ఎంతవరకో డాక్టరును అడగండి.

నా కుండకు రెండేళ్లు నిండాయి. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు కుండలు కొనడానికి బజారుకు వెళ్తున్నాను. రాదలచినవారు సంఘం ఆఫీసు దగ్గర ఉండండి, ఆటో ఖర్చు పంచుకుందాం.