మొరాయించిన మోటారు సైకిలు

ఉదయమున పనికి బయలుదేరు వేళ మోటారు సైకిలు కదలనని మొరాయించినచో మనలో పెక్కుమంది చేయు పని ఒక్కటే. స్టార్టరు మీటను విడువక నొక్కుచుందురు. ఫలితము లేకున్న ఇద్దరిని పిలిచి వీధి చివరి వరకు త్రోయింతురు. అప్పటికిని లేవకున్న చేతికి దొరికిన పానాతో కంటికి కనబడిన నట్టునెల్ల విప్పుదురు. రోగమేదో తెలియక మునుపే మందు మ్రింగించుట వంటిది ఈ పద్ధతి. ఇంటివద్ద బాగుచేసికొనదగిన లోపములు ఎన్నియో ఉన్నవి. ఇంట తాకరాని లోపములును కొన్ని ఉన్నవి. ఈ రెంటికి నడుమనున్న గీతను గుర్తించుటయే ఈ ప్రసంగము యొక్క ముఖ్యోద్దేశము.

నేటి యువకులు ముచ్చటపడి కొను వాహనము స్పోర్ట్స్ బైకు. ముందుకు వంగి కూర్చుండు ఆసనము, మిక్కిలి వేగముగ తిరుగు ఇంజను, దానిని చల్లబరచుటకు రేడియేటరు, రెండు చక్రములకును డిస్కు బ్రేకులు, వీనినన్నిటిని కప్పు ప్లాస్టిక్ రేకులు దాని లక్షణములు. 1985 నుండి 1996 వరకు మన దేశమున అమ్మబడిన యమహా ఆర్ఎక్స్ 100 వంటి బండిని కాలితో తన్ని లేపెడివారు. కార్బురేటరును విప్పి శుభ్రపరచిన సగము జబ్బులు నయమయ్యెడివి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిదప క్రొత్త బండ్లలో కార్బురేటరు స్థానమును విద్యుత్తుతో పనిచేయు ఇంధన పంపు, ఇంజెక్టరు ఆక్రమించినవి. స్పోర్ట్స్ బైకులకు కిక్కు సామాన్యముగ ఉండదు. కావున బ్యాటరీ నీరసించినచో బండి అంతయు నీరసించినట్లే.

బండి స్టార్టు కానప్పుడు పరీక్షకు ఒక వరుస కలదు. ఖర్చులేని దానితో మొదలిడి ఖర్చుగల దానివైపు పోవుటయే ఆ వరుస. మొదట కుడిచేతి వైపునున్న ఎర్రని స్విచ్చును చూడవలెను. బండిపై ఎక్కి ఆడుకొను పిల్లలు దానిని నొక్కి పోవుట కలదు. తరువాత ప్రక్క స్టాండును చూడవలెను. బండి గేరులో ఉండి స్టాండు దిగియున్నచో అనేక వాహనములలో ఇంజను లేవదు. స్టాండు మొదట ఒక చిన్న స్విచ్చు ఉండును. వర్షాకాలపు బురద అందులో గడ్డకట్టినచో, స్టాండు ఎత్తినను అది దిగియున్నట్లే ఇంజనుకు తెలుపును. నీటితో కడిగి పొడిగుడ్డతో తుడిచినచో చాలవరకు సరిపడును.

పిమ్మట తాళము త్రిప్పి చెవియొగ్గి వినవలెను. ట్యాంకు లోపలినుండి రెండు మూడు సెకండ్ల పాటు సన్నని మ్రోత వచ్చును. అది ఇంధన పంపు చేయు ధ్వని. అది వినరానిచో ఫ్యూజు కాలియుండవచ్చును. 10 ఆంపియర్ల ఫ్యూజు కాలినచో 10 ఆంపియర్లదే వేయవలెను. అంతకు మించినది గాని, రాగితీగ ముక్క గాని పెట్టినచో ఆనాటికి బండి నడువవచ్చును. కాని ఫ్యూజునకు బదులు వైర్లే కాలును. ఆ వైర్ల పైననే పెట్రోలు ట్యాంకు ఉన్నదని మరువరాదు. క్రొత్త ఫ్యూజు వెంటనే మరల కాలినచో ఎచ్చటనో వైరు ఒరిసికొని తెగినదని అర్థము. అచ్చట ఆగి మెకానిక్కును పిలువవలెను.

మీట నొక్కినప్పుడు టకటక ధ్వని మాత్రమే వచ్చినచో బ్యాటరీని అనుమానింపవలెను. మొదట దాని టెర్మినళ్లు వదులుగ ఉన్నవేమో చూడవలెను. ఇంటిలో ఒక మల్టీమీటరు ఉన్నచో మిగిలిన సంగతి అదియే చెప్పును. రాత్రియంతయు విశ్రాంతిగ ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు గాని, అంతకు కొంచెము ఎక్కువ గాని చూపును. 12 వోల్టులకు దిగినచో అది దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజను నడుచుచుండగా, కొంచెము వేగము పెంచి చూచినచో, సుమారు 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండవలెను. అప్పుడును 12 దగ్గరనే నిలిచిపోయినచో లోపము బ్యాటరీలో గాక, దానికి చార్జి అందించు ఏర్పాటులో ఉన్నదన్నమాట. ఇది గ్రహింపక క్రొత్త బ్యాటరీ కొన్నవారు కొలది దినములకే మరల మొదటి స్థితికి వత్తురు. బ్యాటరీని తీయునప్పుడు మొదట నెగటివ్ వైరును విప్పవలెను. బిగించునప్పుడు దానిని చివర బిగింపవలెను. అట్లు చేసినచో పానా పొరపాటున ఫ్రేమునకు తగిలినను నిప్పురవ్వలు లేవవు.

ఇక వేడి విషయము. మే నెలలో విజయవాడ వంటి నగరమున వాహనముల రద్దీలో చిక్కుకొన్న బండికి గాలి తగులదు. అప్పుడు రేడియేటరు ఫ్యాను తనంతట తానే తిరుగును; బండిని ఆపిన తరువాత కూడ కొంతసేపు తిరుగవచ్చును. ఇది లోపము కాదు. ఫ్యాను తిరుగక వేడిదీపము వెలిగినచో బండిని నీడకు చేర్చి ఇంజను ఆపవలెను. ఆ సమయమున రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. లోపలి ద్రవము పీడనములో ఉన్నందున 100 డిగ్రీలు దాటినను మరుగక నిలిచియుండును. మూత వదులైన తక్షణమే ఆవిరితో పైకెగసి ముఖమును, చేతులను కాల్చివేయును. బండి పూర్తిగా చల్లారిన పిదప, ప్రక్క డబ్బాపైగల గీతలను బట్టి కూలెంటు మట్టమును చూడవలెను. తగ్గినచో కంపెనీవారు చెప్పిన కూలెంటునే పోయవలెను. బోరునీటిలోని లవణములు సన్నని గొట్టములలో పేరుకొనును.

చైను గూర్చి ఒక హెచ్చరిక. దానిని వేగముగ శుభ్రపరచవచ్చునని కొందరు ఇంజను నడిపి, గేరులో వేసి, తిరుగుచున్న చైనుకు గుడ్డ అదిమి పట్టుదురు. గుడ్డ చిక్కుకొనినచో వ్రేళ్లును దాని వెంట పండ్లచక్రము లోనికి పోవును. రెప్పపాటులో వ్రేలు తెగును. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, వెనుక చక్రమును చేతితోనే త్రిప్పుచు పని చేయవలెను. కిరసనాయిలులో తడిపిన మెత్తని బ్రష్షు చాలును. పెట్రోలును, ఇనుప బ్రష్షును వాడినచో చైనులోని రబ్బరు వలయములు చెడును. ఆరిన పిదప చైను నూనె వేయవలెను. చైను ఎంత వదులుగ ఉండవలెనో బండితో వచ్చిన పుస్తకములో ఉండును. బిగువెంత ఎక్కువైన అంత మంచిదని తలంచుట తప్పు. గుంటలో పడి వెనుక చక్రము పైకి లేచినప్పుడు చైను మరింత బిగుసుకొనును. అప్పటికే బిగువుగ ఉన్నచో తెగి చక్రమునకు చుట్టుకొనవచ్చును.

తుదకు బ్రేకులు. ఇదియే నేను మొదట చెప్పిన గీత. ఇంటివద్ద చూడదగినవి మూడు: బ్రేకు ద్రవపు మట్టము, ప్యాడ్ల మందము, ఎచ్చటనైన ద్రవము కారుచున్నదా అను సంగతి. మీట నొక్కినప్పుడు స్పంజివలె మెత్తగ లోనికి పోయినచో గొట్టములో గాలి చేరియుండవచ్చును. బ్రేకు ద్రవమునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. డాట్ 4 రకము ద్రవము క్రొత్తదైనచో 230 డిగ్రీల వరకు మరుగరాదని ప్రమాణము. తేమ చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. ద్రవము మరిగినచో ఆవిరి పుట్టును, ఆవిరి నొక్కుకు లొంగును, బ్రేకు పట్టదు. అందువలననే సుమారు రెండేండ్లకు ఒకమారు దానిని మార్పింపవలెనందురు. క్రొత్త బండ్లలో ఏబీఎస్ ఏర్పాటు కూడ ఉన్నందున ఆ గొట్టములను విప్పుట శిక్షణ పొందినవారి పని. స్టార్టు కాని బండి మనలను ఇంటనే నిలుపును. ఆగని బండి ఎచ్చట నిలుపునో చెప్పజాలము.

ఇంటిలో బండి నడుపు యువకుడున్నచో పెద్దలు అతనిని ఒక చిన్న అలవాటునకు ప్రోత్సహింపవలెను. ఒక పుస్తకమున చైనుకు నూనె వేసిన తేదీ, బ్యాటరీ వోల్టులు, బ్రేకు ద్రవము మార్చిన నెల వ్రాసి ఉంచుకొనుమని చెప్పవలెను. ఏ మరమ్మత్తు జరిగినను, ఇంటిలోనైనను షెడ్డులోనైనను, వీధి దాటకముందే నడక వేగమున పోవుచు ముందు బ్రేకును, వెనుక బ్రేకును వేరువేరుగ ఒకమారు నొక్కి చూడుమని చెప్పవలెను. దానికి అర నిమిషము చాలును.