అద్దెకిస్తున్నారా? ఈ లెక్కలు తెలుసుకోండి

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఆలూరు లాంటి ఊళ్లలో ఇంటి ముందు మడిగెలో, మేడమీద గదులో అద్దెకిచ్చేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇంటి పన్ను. గ్రామ పంచాయతీల్లో 2018 చట్టం, మున్సిపాలిటీల్లో 2019 చట్టం ప్రకారం దీన్ని వసూలు చేస్తారు. రసీదు పారేయకండి. ఆదాయపన్ను లెక్కలో, ఆ ఏడాది యజమాని కట్టిన ఇంటి పన్నును అద్దెలోంచి తీసేస్తారు. మిగిలినదాంట్లో మరో 30 శాతం మినహాయింపు ఉంటుంది. దానికి మరమ్మతుల బిల్లులు చూపనక్కర్లేదు.

ట్రేడ్ లైసెన్సు మాత్రం మడిగెలో వ్యాపారం చేసేవారి బాధ్యత. కిరాయికిచ్చే ముందే ఆ సంగతి తేల్చుకోండి.

ఇక జీఎస్టీ. కుటుంబం కాపురముండే ఇంటి అద్దెకు అది వర్తించదు. మడిగెల అద్దెపై 18 శాతం ఉన్నా, యజమాని ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

తెలంగాణలో అద్దె ఒప్పందం ఏడాదిలోపుదైనా రిజిస్టర్ చేయించాలి. పదకొండు నెలల కాగితాలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటి పన్ను బాకీ ఉంటే మార్చి 31లోగా కట్టేయండి. అప్పుడే ఈ ఏడాది లెక్కలో మినహాయింపు దక్కుతుంది.