మొక్క ఎదుగుదలకు వేడిమి లెక్క

(వేములవాడ ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



వానాకాలమున వరినారు 25 దినములకే నాటుటకు సిద్ధమగును. అదే విత్తనమును యాసంగిలో పోసినచో నెల గడచినను చేతికి రాదు. అప్పుడు రైతు విత్తనము నకిలీదని తగవునకు దిగును. లేదా చలికి ముడుచుకొన్న నారుపై యూరియా కుమ్మరించును. డబ్బు పోవునే గాని నారు ఎదగదు. లోపము మన లెక్కలో నున్నది. మనము దినములను లెక్కించుచున్నాము. మొక్క వేడిమిని లెక్కించుచున్నది.

ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త రియోమూర్ 1735లోనే దినదినపు వేడిమిని కూడి పంట ఎదుగుదలను అంచనా కట్టజూచెను. నేడు వాడుకలో నున్న పద్ధతి మిక్కిలి సులభము. దినపు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కూడి సగము చేయవలెను. అందుండి 10 తీసివేయవలెను. ఏలయన సుమారు 10 డిగ్రీలకు దిగువ వరి ఎదుగుదల దాదాపు నిలిచిపోవును. మిగిలినదే ఆ దినమున మొక్కకు దక్కిన కూలి యనుకొనుడు.

ఒక ఉదాహరణము చూతము. జూలైలో గరిష్ఠము 32, కనిష్ఠము 24 అయినచో సగటు 28. అందులో 10 పోగా 18. ఈ లెక్కన 25 దినములకు 450. డిసెంబరులో గరిష్ఠము 30, కనిష్ఠము 14 అయినచో సగటు 22. అందులో 10 పోగా 12. అదే 450 కూడుటకు 38 దినములు పట్టును.

నాట్లు ఆలస్యమైన కొలది కోతలు ఏప్రిల్ నెల వడగండ్ల వానలకు చిక్కును. కావున యాసంగి నారును ఈ జాప్యము లెక్కించుకొని ముందుగానే పోయవలెను. చలిరాత్రులలో నారుమడిపై పాలిథీన్ పట్టా కప్పి ఉదయమున తీయవలెను. రాత్రి చల్లబడిన నీటిని ఉదయము తీసి క్రొత్తనీరు పెట్టవలెను. అట్లు చేసినచో మొక్క కూలి కొంత పెరుగును.

ఈ లెక్కకును హద్దు కలదు. నీరు, ఎరువు, తెగులు దీనికి తెలియవు. పూత సమయమున 35 డిగ్రీలు మించిన ఎండ తాలును పెంచును; లెక్కలో మాత్రము అది లాభముగనే కనిపించును. కావున లెక్క వ్రాసినవాడు పొలమును కూడ చూడవలెను.

ప్రతి పంచాయతీయు ఒక ఉష్ణమాపకమును ఎండ తగులని చోట నుంచి, దినదినపు అంకెలను నల్లబల్లపై వ్రాయించవచ్చును. నారు పోసిన తేదీ, నాటిన తేదీ, కోత తేదీ పుస్తకములో చేర్చవలెను. రెండు మూడేండ్లకు మన నేలకు, మన రకములకు సరిపడు లెక్క చేతికి వచ్చును. సందేహము కలిగినచో జగిత్యాల దాపున పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమువారిని సంప్రదించవచ్చును. అనుభవమునకు అంకె తోడైనచో, ఒక రైతు నష్టపడి నేర్చిన పాఠము ఊరందరికిని నష్టము లేకయే అందును.